రేవులో చేపలు కొలిచేవాళ్లు ఆ లెక్కలతో ఏం చేస్తారు?

ఈ ప్రశ్న అడిగింది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరి కుర్రాడు. డిగ్రీ చదువుతున్నారు. నాన్నగారికి ఇంజిన్ ఉన్న ఫైబర్ బోటు ఉంది. ఆ అబ్బాయి రాసింది క్లుప్తంగా ఇదీ: "రేవులోకి ఎవరో వచ్చి చేపల్ని స్కేలు మీద పెట్టి కొలుస్తారు, పుస్తకంలో రాసుకుని పోతారు. ఆ లెక్కలు ఏమవుతాయి? సముద్రంలో చేపల్ని లెక్కపెట్టడం ఎవరి తరం? 91 శాతం చేపల నిల్వలు బాగున్నాయని పేపర్లో వేశారు. మాకేమో డీజిల్ డబ్బులు కూడా రావట్లేదు. పైగా ఏడాదికి 61 రోజులు వేట ఆపమంటారు. ఇది నిజంగా సైన్సేనా, ఆఫీసులో కూర్చుని రాసిందా?" ఫోన్లో వచ్చే చేపల జాడ సమాచారం గురించి కూడా అడిగారు.

బాబూ, ఆ స్కేలు పట్టుకుని రేవులో కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ముప్పై ఏళ్లు అదే పని చేసి రిటైరయ్యాను. తెల్లవారుజామున జెట్టీకి వెళ్లి, పడవలు వచ్చేదాకా టీ కొట్టు దగ్గర కూర్చుని, వచ్చాక గంపలు లెక్కపెట్టి, చేపలు కొలిచి రాసుకునేవాణ్ణి. మీరు అడిగిన మాట నన్ను ఎన్నోసార్లు ఎంతోమంది అడిగారు. పడవ కట్టేస్తున్న హడావిడిలో రెండు మాటలు చెప్పి వచ్చేసేవాణ్ణి. ఈసారి తీరిగ్గా చెబుతాను.

ముందు ఆ పుస్తకం సంగతి. మన దేశంలో సముద్రపు చేపల లెక్క ప్రధానంగా చూసేది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. అందరూ సీఎంఎఫ్‌ఆర్‌ఐ అంటారు. 1947 ఫిబ్రవరి 3న తమిళనాడులోని మండపంలో మొదలైంది, 1967లో భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) కిందికి వచ్చింది. ఇప్పుడు ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది, మనకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. రాష్ట్ర మత్స్యశాఖ వాళ్లూ విడిగా లెక్కలు రాస్తారు. కాబట్టి మీ రేవుకు వచ్చేది ఎవరో అడిగి తెలుసుకోండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

దేశం మొత్తం తీరం మీద వెయ్యికి పైగా రేవులున్నాయి. అన్నిచోట్లా ప్రతిరోజూ ఒక మనిషిని నిలబెట్టడం అయ్యే పని కాదు. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే మెతుకు పట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. కాకపోతే గిన్నెలో అడుగున ఒకలా, పైన ఒకలా ఉడుకుతుంది. అందుకని ఒక్కచోట కాకుండా నాలుగు చోట్ల నుంచి మెతుకులు తీయాలి. తీరాన్ని ముక్కలుగా విడదీస్తారు. అందులో పెద్ద హార్బర్లు వేరు, చిన్న రేవులు వేరు. ఏ రేవుకు ఏ రోజు వెళ్లాలో మా ఇష్టం కాదు, చీటీ తీసినట్టు ముందే నిర్ణయమైపోతుంది. ఇది చాలా ముఖ్యం. మా ఇష్టానికి వదిలేస్తే చేపలు బాగా పడిన రోజే వెళ్తాం, వానలో వెళ్లం. అప్పుడు లెక్క మొత్తం వంకరపోతుంది.

వెళ్లిన రోజు మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా ఉంటాం. మర్నాడు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా ఉంటాం. మధ్యలో రాత్రి ఏ పడవలు వచ్చాయో, ఏం తెచ్చాయో పొద్దున్నే విచారించి రాసుకుంటాం. ఈ మూడూ కలిస్తే ఒక రోజు లెక్క. పడవలు కొద్దిగా వస్తే అన్నీ చూస్తాం, ఎక్కువ వస్తే రెండింటికి ఒకటి, మూడింటికి ఒకటి చొప్పున చూస్తాం. మాట వరసకు 40 పడవలు వచ్చాయనుకోండి. వాటిలో 10 పడవలు చూశాను, సగటున పడవకు 120 కిలోలు ఉన్నాయి. అంటే ఆ రోజు ఆ రేవుకు 4,800 కిలోలు. అలాంటి రోజులు నెలకు కొన్ని, అలాంటి రేవులు జిల్లాకు కొన్ని. వాటి నుంచి నెల లెక్క, ఏడాది లెక్క కడతారు. ఎంత తేడా ఉండొచ్చో కూడా లెక్కగడతారు. 2023లో దేశం మొత్తం మీద ఒడ్డుకు చేరిన సముద్రపు చేప 35.3 లక్షల టన్నులు అన్న మాట ఇలాంటి వేల పేజీల నుంచి వచ్చిందే.

గమనించారా, ఇది సముద్రంలో ఉన్న చేపల లెక్క కాదు. ఒడ్డుకు వచ్చిన చేపల లెక్క. ఉన్నదెంత అన్నది తేలాలంటే ఇంకా చాలా కావాలి. స్కేలు అందుకే.

గంపలోంచి చేతికందిన చేపలు తీసి ఒక్కొక్కటీ పొడవు కొలుస్తాం. మీకది కాలక్షేపంలా కనిపిస్తుంది. కానీ నెలనెలా ఒకే రకం చేప పొడవులు వరసగా పేరిస్తే అందులో ఒక కథ కనిపిస్తుంది. ఈ నెల పిల్లలు వచ్చే నెలకు ఎంత పెరిగాయి, పెద్దవి ఎంత వేగంగా తగ్గిపోతున్నాయి, అందులో వేట వాటా ఎంత అన్నవి ఆ పొడవుల నుంచే పట్టుకుంటారు. చలి దేశాల్లో అయితే చేప తలలో ఉండే చెవి రాయిని కోసి, చెట్టు మొదట్లో వలయాలు లెక్కపెట్టినట్టు ఏళ్లు లెక్కపెడతారు. మన సముద్రంలో ఎండాకాలానికీ చలికాలానికీ నీటి వేడిలో అంత తేడా ఉండదు. ఏటేటి వలయం స్పష్టంగా పడదు. అందుకే మనకు పొడవే గతి.

కొన్ని చేపల్ని కొని కోస్తాం. కొనే కోస్తాం, ఎందుకంటే కోసిన చేపకు వేలం పాట పాడరు, అమ్ముకునే అమ్మలకు నష్టం. లోపల మగదా ఆడదా, గుడ్డు ఏ దశలో ఉంది, కడుపులో ఏం తిని ఉంది, ఇవన్నీ రాస్తాం. ఏడాది పొడవునా అలా చూస్తేనే ఈ చేప ఏ నెలల్లో గుడ్లు పెడుతుంది, ఎంత పొడవుకు మొదటిసారి తల్లి అవుతుంది అన్నది తెలుస్తుంది. ఈ రెండో సంగతి మరీ ముఖ్యం. చేప పొడవు రెండింతలైతే బరువు దాదాపు ఎనిమిదింతలవుతుంది, గుడ్ల సంఖ్యా ఇంచుమించు ఆ లెక్కనే పెరుగుతుంది. ఒక్క పెద్ద తల్లి చేప పెట్టే గుడ్లు చిన్నవి ఎన్నో కలిసినా పెట్టలేవు. అందుకే మేం పెద్ద చేపల కోసం అంతగా వెతికేవాళ్లం.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలనిపిస్తోంది. ఈ పని మన తీరానికి కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీ తరఫున పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు 1780లలో విశాఖపట్నంలో ఉన్నారు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. ఆయన మన జాలర్లు తెచ్చిన చేపల్ని బొమ్మలు గీయించి, మనవాళ్లు పలికిన పేర్లే వాటి పక్కన రాసుకున్నారు. 200 చేపల ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. మన ఊళ్లలో కానాగంత, కానాగుర్త అని పిలిచే చేపకు ప్రపంచమంతటా ఉన్న శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా. మన రేవు మాట అలాగే ఉండిపోయింది. నేను ప్రతి ట్రైనింగ్‌లోనూ కొత్త పిల్లలకు ఇది చెప్పేవాణ్ణి. చేప పేరు తెలియకపోతే పుస్తకం తెరవకండి, ముందు పక్కనున్న సరంగును, అంటే పడవ నడిపే పెద్దను అడగండి అని.

ఇక 91 శాతం మాట. పేపర్లో వచ్చింది నిజమే. 2022 సంవత్సరానికి 135 చేపల నిల్వల్ని పరిశీలించి 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని సీఎంఎఫ్‌ఆర్‌ఐ చెప్పింది. మీ నాన్నగారికి డీజిల్ డబ్బులు రాకపోవడమూ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

నిల్వ అంటే ఒక ప్రాంతంలో ఒక రకం చేప గుంపు మొత్తం. అది ఆరోగ్యంగా ఉంది అంటే, ఇప్పుడు పడుతున్న వేటను తట్టుకుని తిరిగి పుట్టి పెరిగే శక్తి దానికి ఉంది అని అర్థం. మీ వలలో ఎంత పడుతుంది అన్నది ఆ ప్రశ్నలోనే లేదు. ఊరి చెరువులో ఏటా వంద బస్తాల చేప వస్తోందనుకోండి. పది కుటుంబాలు పంచుకున్నప్పుడు ఇంటికి పది బస్తాలు. ఇప్పుడు ముప్పై కుటుంబాలు అయ్యాయి, ఇంటికి మూడే బస్తాలు. చెరువు ఆరోగ్యం చెడలేదు, మీ ఇంటి ఆరోగ్యం చెడింది. మన తీరంలో పడవలు పెరిగాయి, ఇంజిన్ల హెచ్‌పీ పెరిగింది, వలల పొడవు పెరిగింది. అదే చేప ఇంకా ఎక్కువమందికి పంపకమవుతోంది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ 135 నిల్వల్లో ప్రతిదీ లెక్కలో ఒకటే. కిలోకు పెద్ద ధర పలికే చందువా ఒకటే, కోళ్ల మేతకు పోయే చిన్న చేపా ఒకటే. మీరు బతికేది ఏ నాలుగు రకాల మీదో, ఏ పది పన్నెండు కిలోమీటర్ల నీళ్లలోనో. ఆ నాలుగు రకాలు, ఆ నీళ్లు తగ్గిపోతే దేశం మొత్తం శాతం మీకు అన్నం పెట్టదు. అందుకని శాతం చదివి ఊరుకోకుండా, మా తీరానికి ఏ రకం ఏ స్థితిలో ఉంది అని అడగాలి. ఆ వివరాలు కూడా వాళ్ల దగ్గర ఉంటాయి, రకాలవారీగానే లెక్క కడతారు కాబట్టి.

సైన్సు తప్పు చేయదా అంటే, చేస్తుంది. అది దాచి మీకు మిగతాది చెబితే నేను మోసం చేసినట్టే. ప్రపంచంలో చేపల శాస్త్రం చదివే ప్రతివాళ్లకూ చెప్పే పెద్ద తప్పు ఒకటుంది, కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జరిగింది. అక్కడ వందల ఏళ్లుగా కాడ్ అనే చేప మీదే ఊళ్లన్నీ బతికాయి. 1980లలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు నిల్వ పెరుగుతోందని లెక్క వేశారు. ఆ లెక్కలో పెద్ద ట్రాలర్లు, అంటే వల లాక్కుంటూ వెళ్లే ఓడలు, గంటకు ఎంత పడుతున్నాయన్న అంకెకు మోతాదు మించి విలువ ఇచ్చారు. ట్రాలర్లకు ప్రతి ఏడూ మంచి పరికరాలు వచ్చాయి. చేప తగ్గేకొద్దీ మిగిలిన చేప ఒకచోట గుంపుగా చేరింది. ఆ గుంపు ఎక్కడుందో ట్రాలర్లు వెతికి పట్టుకున్నాయి. గంటకు పడే చేప తగ్గలేదు, సముద్రంలో చేప మాత్రం అయిపోతూ వచ్చింది.

అదే సమయంలో ఒడ్డు దగ్గర చిన్న పడవల మీద వేటాడేవాళ్లు, చేప తగ్గింది, సైజు తగ్గింది, మా వలలకు రావట్లేదు అని మొత్తుకున్నారు. ఆ మాటకు సమయానికి విలువ దొరకలేదు. 1992 జూలై 2న కాడ్ వేటను ప్రభుత్వం ఆపేసింది. రెండేళ్లకని ఆపారు. దాదాపు ముప్పై వేల మంది ఒక్కసారిగా పనిపోయి కూర్చున్నారు. ఆ నిషేధాన్ని పూర్తిగా ఎత్తేసింది 2024లో, 32 ఏళ్లకు. అదీ చిన్న కోటాతో.

ఈ కథ చదివిన తర్వాత నా పుస్తకంలో ఒక కాలమ్ అదనంగా గీసుకున్నాను. పడవ ఎన్ని గంటలు వల వేసింది, ఎన్ని రోజులు తిరిగింది, కొత్త పరికరం ఏమైనా పెట్టారా అని. వంద కిలోలు అన్న మాటకు ఒక్కదానికే అర్థం లేదు. ఒకప్పుడు పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తెచ్చిన వంద కిలోలు వేరు, పది రోజులు సముద్రంలో ఉండి తెచ్చిన వంద కిలోలు వేరు. సోనా బోట్లు అనే పెద్ద మరపడవలు ఒకరోజు వేట నుంచి పది పదిహేను రోజుల వేటకు మారడం నా కళ్లముందే జరిగింది. ఒడ్డున కుప్ప చూసినవాళ్లకు చేప తగ్గినట్టు కనిపించదు. గంటలు చూసినవాళ్లకే కనిపిస్తుంది.

పడవల లెక్క మీదే ఆధారపడకూడదనే ప్రభుత్వం తన సొంత ఓడలు కూడా నడుపుతుంది. ఆ పని భారత మత్స్య సర్వేక్షణ సంస్థది, ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. 1946లో ముంబయిలో డీప్ సీ ఫిషింగ్ స్టేషన్‌గా మొదలై, 1983 నుంచి ఈ పేరుతో ఉంది. విశాఖలో కూడా దాని స్థావరం ఉంది. వాళ్ల ఓడ చేప ఉన్నచోటు వెతుక్కుంటూ వెళ్లదు. ముందే నిర్ణయించిన చోట, అదే రకం వల, అంతసేపే లాగుతుంది. పడినా రాస్తారు, ఖాళీ వల వచ్చినా రాస్తారు. చేపలు పట్టేవాళ్లకు అది పిచ్చి పనిలా అనిపిస్తుంది. కానీ ఖాళీ వల కూడా ఒక సమాచారమే. ఏళ్ల తరబడి ఒకేలా లాగితేనే ఈ ఏడు నిజంగా తగ్గిందా, లేక మనం వెతకడంలో ఆరితేరామా అన్నది విడదీయగలం.

ఇప్పుడు 61 రోజుల సంగతి. తూర్పు తీరానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరానికి జూన్ 1 నుంచి జూలై 31 దాకా. ఇంతకుముందు 47 రోజులే ఉండేది. కేంద్రం వేసిన సాంకేతిక కమిటీ సిఫార్సు మీద 2015 నుంచి 61 రోజులు చేశారు. ఇంజిన్ లేని తెప్పలకూ నావలకూ ఇది వర్తించదు. నాన్నగారిది ఇంజిన్ బోటు కాబట్టి వర్తిస్తుంది.

గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపుతారు అని పేపర్లు రాస్తాయి. అది సగం నిజం. మనది వేడి సముద్రం, వందల రకాల చేపలు. ఒక్కో రకం ఒక్కో నెలలో గుడ్లు పెడుతుంది, చాలా రకాలు ఏడాదిలో చాలా నెలలు పెడుతూనే ఉంటాయి. ఏ 61 రోజులు ఎంచుకున్నా అన్ని తల్లులనూ కాపాడలేం. ఇది గుడ్లు కోసి చూసిన మాకు బాగా తెలుసు. మరి ఎందుకు ఆపాలి అంటే, ఏడాదిలో ఆరో వంతు కాలం ట్రాల్ వలలు అడుగును దున్నకుండా ఉంటాయి, మొత్తం వేట ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు పుట్టి ఉన్న పిల్లలు రెండు నెలలు పెరుగుతాయి. చిన్న చేపకు రెండు నెలలంటే మామూలు విషయం కాదు, త్వరగా పెరిగే రకాల బరువులో అది పెద్ద తేడా. జూన్ 15 తర్వాత మొదటి వారాల్లో వలలు నిండుగా రావడం మీరూ చూసే ఉంటారు.

కానీ ఆ నిండుదనం ఎన్నాళ్లు ఉంటోంది? ఇక్కడే నాకు బాధ. రెండు నెలలు ఓపిక పట్టి, నిషేధం ఎత్తేసిన మూడు వారాల్లో సన్న కన్ను వలలతో పిల్ల చేపల్ని ఊడ్చేస్తే ఆ 61 రోజుల ఆకలి ఎందుకు పడ్డట్టు? విత్తనం గింజలు దంచుకుని తిన్నట్టే. నిషేధం ఒక్కటే చాలదు, వల కన్ను సైజు, పట్టగూడని చేప సైజు కూడా కలిస్తేనే ఫలితం. సైజు విషయంలో కేరళ ముందడుగు వేసింది. 2015లో కొన్ని రకాలకు కనీస సైజు చట్టం పెట్టి, తర్వాత 58 రకాలకు పెంచింది. నూనె కవళ్లకు (ఆయిల్ సార్డీన్) 10 సెంటీమీటర్లు, కానాగుర్తకు 14. ఆ సైజులు రేవుల్లో స్కేలు పట్టుకున్నవాళ్లు కొలిచి, కోసి ఇచ్చిన లెక్కల నుంచే వచ్చాయి.

కేరళ ఆ మాట ఊరికే వినలేదు, దెబ్బ తిని విన్నది. 2012లో అక్కడ నూనె కవళ్లు 3.9 లక్షల టన్నులు ఒడ్డుకొచ్చాయి. 2021లో 3,297 టన్నులు. లక్షల నుంచి వేలకు పడిపోయింది. ఇందులో వేట తప్పెంత, సముద్రం తప్పెంత అని పెద్ద చర్చ నడిచింది. కవళ్లు రెండు రెండున్నరేళ్లకు మించి బతకవు. ఒక్క ఏడాది నీటి వేడి, వానలు, మేత తేడా చేస్తే గుంపు మొత్తం కుదేలవుతుంది. పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కే ఎల్‌నినో ప్రభావం ఉందని సీఎంఎఫ్‌ఆర్‌ఐ చెప్పింది, పిల్ల చేపల్ని పట్టడం దాన్ని ఇంకా దిగజార్చిందనీ చెప్పింది. తర్వాత అవి మళ్లీ పెరిగాయి కూడా. నా అభిప్రాయం ఒక్కటే. సముద్రం వేడెక్కడం మన చేతిలో లేదు, వల కన్ను మన చేతిలో ఉంది. చేతిలో ఉన్నదైనా చూసుకోవాలి కదా.

లెక్కలు సరిగ్గా ఉండి, ప్రభుత్వం వాటిని విని పని చేస్తే ఏమవుతుందో చూడాలంటే మన పక్కనే ఒడిశాలో ఉన్న చిలికా సరస్సు చూడండి. సరస్సు నోరు ఇసుకతో పూడి, ఉప్పు నీరు లోపలికి రాక, కలుపు పెరిగి చేప పోయింది. ఇసుక ఎటు కదులుతోంది, నీరు ఎటు తిరుగుతోంది అని కొన్నేళ్లు చదివి, 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త నోరు తవ్వారు. అంతకుముందు ఏడాదికి 1,700 టన్నుల చిల్లర ఉన్న చేప 2001-02లో దాదాపు 12,000 టన్నులకు చేరింది. ఒడిశా తీరంలో మన తెలుగు మాట్లాడే జాలర్ల కుటుంబాలు చాలా ఉన్నాయి, మీ చుట్టాలెవరైనా అటు ఉంటే అడగండి.

మీరు ఫోన్లో చూసే చేపల జాడ సమాచారం గురించి కూడా అడిగారు కాబట్టి ఒక మాట. అది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం గురించి ఎలా చెబుతారని మీ ఊళ్లో పెద్దలు అంటారని రాశారు. వాళ్లు ఉపగ్రహం నుంచి నీటి పైపొర వేడి, నీటిలో పచ్చదనం చూస్తారు. వేడి నీరు, చల్లని నీరు కలిసే గీత దగ్గర మేత చేరుతుంది, మేత వెనకాల చేప చేరుతుంది. ఆ గీత మీ లైట్‌హౌస్‌కి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో ఉందో చెబుతారు. పైనీటిలో తిరిగే కవళ్లు, కానాగుర్తలు, సూరలకు ఇది పనికొస్తుంది. అడుగున ఉండే గొరకలకు, రొయ్యలకు దీన్ని నమ్ముకోవద్దు. మబ్బు పట్టిన రోజు ఉపగ్రహానికి నీటి వేడి సరిగా కనిపించదు, అందుకే కొన్ని రోజులు సమాచారం రాదు. నిషేధ కాలంలో అసలు ఇవ్వరు.

ఇక ఆఫీసులో కూర్చుని రాసిందా అన్న మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. అక్కడక్కడ జరుగుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తుపాను నెలలో చీటీలో వచ్చిన రేవుకు వెళ్లే దారి తెగిపోయింది. పోయిన నెల సగటు వేసేయమని ఒక పైఅధికారి అన్నారు. నేను ఆ గడి ఖాళీగా వదిలి, వెళ్లలేకపోయాను అని రాశాను. కొన్నాళ్లు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. ఖాళీ గడి ఉంటే లెక్క కట్టేవాళ్లకు దాన్ని ఎలా సరిచేయాలో తెలుసు. దొంగ అంకె ఉంటే అది దొంగదని ఎవరికీ తెలియదు, పదేళ్ల తర్వాత ఎవరో దాన్ని నమ్మి ఒక నిర్ణయం తీసుకుంటారు. ఆ నిర్ణయం మీ పడవ మీద పడుతుంది.

అదే తప్పు రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది, మీరు బాధపడకుండా వినండి. చాలామంది మాకు పట్టిన చేప తక్కువ చెబుతారు. పన్ను వేస్తారేమోనని కొందరు, మంచి చోటు పక్క పడవకు తెలిసిపోతుందని కొందరు, తక్కువ చెబితే సాయం వస్తుందని కొందరు. నాకు కారణాలు అర్థమవుతాయి. మా పుస్తకం పన్నుల వాళ్లకు వెళ్లదు, పడవ పేరు పెట్టి ఎవరికీ చూపరు. నిషేధ కాలపు సాయం 2025 నుంచి 20,000 రూపాయలు చేశారు, అది పడవ రిజిస్ట్రేషన్, పడవలో పనిచేసే కళాసీల పేర్లను బట్టి వస్తుంది, మాకు చెప్పిన కిలోలను బట్టి కాదు. కానీ తక్కువ చెప్పిన కిలోలు ఇంకో రకంగా తిరిగొస్తాయి. మీ రేవులో చేపే పెద్దగా రాదని కాగితం మీద ఉంటే, రేపు అక్కడ జెట్టీ అడిగినా, ఐస్ ప్లాంటు అడిగినా, ఒడ్డున ఏదైనా ఫ్యాక్టరీ వస్తే మా వేట పోతుందని అడిగినా, మీ చేతిలో చూపడానికి ఏమీ ఉండదు.

నా సర్వీసులో నేను మర్చిపోలేని మనిషి ఒక పెద్ద సరంగు. ఆయనకు చదువు లేదు. గొరకలు ఎంత లోతులో, ఏ నెలలో, ఏ సైజులో పడ్డాయో ముప్పై ఏళ్లవి నోటికి చెప్పేవారు. ఒక ఏడాది, "ఇదివరకు పదిహేను బారల నీళ్లలో దొరికిన సైజు ఇప్పుడు ముప్పై బారలకు పోతే గానీ లేదు" అన్నారు. నా పొడవుల పట్టికలు తీసి చూస్తే సగటు సైజు తగ్గుతున్న గీత కనిపిస్తోంది గానీ, లోతు మారిన సంగతి నా పుస్తకంలో లేనే లేదు. ఆ రోజు నుంచి లోతు అడగకుండా ఏ పడవనూ వదల్లేదు. న్యూఫౌండ్‌లాండ్‌లో వినని మాట అలాంటిదే.

అందుకని మీరు చేయగలిగింది ఒకటి చెబుతాను. మీరు డిగ్రీ చదువుతున్నారు, నాన్నగారు రోజూ వేటకు వెళ్తారు. ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, ఎన్ని గంటలకు వెళ్లి ఎన్ని గంటలకు వచ్చారు, ఎంత లోతు, ఏ వల, కన్ను ఎంత, ఏ రకం ఎన్ని కిలోలు, డీజిల్ ఎన్ని లీటర్లు. నెలకు ఒకసారి ఒక రకం చేపవి యాభై తీసి పొడవు కొలవండి, ముక్కు కొస నుంచి తోక చివరిదాకా, ప్రతిసారీ అలాగే. ఏమీ పడని రోజు సున్నా వేయండి, ఆ రోజును వదిలేయకండి. ఒక్క ఏడాది పూర్తయితే నిషేధం మీద సమావేశం పెట్టినప్పుడు మీరు ఊరికే కోప్పడక్కర్లేదు, కాగితం బల్ల మీద పెట్టి మాట్లాడొచ్చు. మీ రేవుకు వచ్చే మనిషికి కూడా చూపించండి. మంచివాడైతే కూర్చుని మీతో పాటు చదువుతాడు.

నాన్నగారి దగ్గర పాత పాట చీట్లు, డీజిల్ బిల్లులు ఉంటే పారేయకండి. వాటిలో తేదీ, రకం, కిలోలు ఉంటే చాలు, పదేళ్ల కిందటి వేట ఎలా ఉందో చాలావరకు తిరిగి కట్టొచ్చు. ఒక నాలుగైదు చీట్లు ఫొటో తీసి, పేర్లు, ఫోన్ నంబర్లు కనపడకుండా చేసి ఇక్కడ పెట్టండి. వాటిని పట్టికలో ఎలా ఎక్కించాలో, గంటల లెక్క లేనిచోట డీజిల్‌ని బట్టి ఎలా అంచనా వేయాలో వరసగా రాస్తాను.